కదలని చుక్క

పిల్లలూ! పటాన్‌చెరువు, బొల్లారం, గడ్డపోతారం, గుమ్మడిదల వైపు ఉండే మీలో చాలామందికి ఒక చప్పుడు బాగా పరిచయం. పొద్దున్నే ఫ్యాక్టరీల సైరన్లు కూసి, షిఫ్టు బస్సులు బారులు తీరే వేళకు, పైనుంచి మోత ఒకటి వినిపిస్తుంది. తల ఎత్తి చూస్తే చిన్న విమానం ఒకటి గుండ్రంగా తిరుగుతూ కనిపిస్తుంది. కాసేపటికి దాని వెనక మరొకటి వస్తుంది.

అవి దుండిగల్‌లో ఉన్న వైమానిక దళ అకాడమీ విమానాలు. పటాన్‌చెరువునుంచి గాలి దారిన కొలిస్తే దుండిగల్ సుమారు 18 కిలోమీటర్లు. ఆ అకాడమీకి 1967 అక్టోబరు 11న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుస్సేన్ శంకుస్థాపన చేశారు. 1971లో అక్కడ శిక్షణ మొదలయింది. దేశం నలుమూలలనుంచీ వచ్చిన యువకులూ, యువతులూ అక్కడ విమానం నడపటం నేర్చుకుంటారు. మన దేశపు మొట్టమొదటి మహిళా యుద్ధవిమాన పైలట్లు ముగ్గురూ 2016 జూన్‌లో అక్కడినుంచే అధికారులై బయటికి వచ్చారు.

సరే, ఇప్పుడొక ప్రశ్న. మన ఊరిమీదుగా పోయే బొంబాయి రోడ్డు చూశారు కదా? దానికి మధ్యన గోడ ఉన్నది, తెల్లగీతలు ఉన్నవి, ఎర్రదీపాలు ఉన్నవి, ఈల ఊదే పోలీసు ఉన్నాడు. ఇన్ని ఉండి కూడా లారీలు గుద్దుకుంటూనే ఉంటాయి. ఆకాశంలో గీతా లేదు, గోడా లేదు. పైగా విమానానికి ఆగటమనేది చేతకాదు. ఆగితే పడిపోతుంది. మరి నేర్చుకునేవాళ్ళు నడిపే ఇన్ని విమానాలు ఒకదానికొకటి తగలకుండా ఎట్లా తిరుగుతున్నాయి?

ఆకాశం పెద్దదే, వాకిలి చిన్నది

“ఆకాశం అంత పెద్దది కదా, తగలవలసిన అవసరమేమిటి?” అని మీరు అడగవచ్చు. ఏడుపాయల జాతరకు ఎప్పుడైనా వెళ్ళారా? ఊళ్ళనుంచి జనం నాలుగు దిక్కులా బయలుదేరి వస్తారు. దారిలో కావలసినంత చోటు. ఒకరికొకరు తగలరు. కాని అమ్మవారి గుడి దగ్గరికి వచ్చేసరికి భుజాలు రాసుకుంటాయి. ఎందుచేత? అందరికీ కావలసిన వాకిలి ఒక్కటే కనక!

విమానాలకు రన్‌వే అటువంటి వాకిలి. ఎంత దూరం తిరిగినా దిగటానికి అక్కడికే రావాలి, ఎగరటానికి అక్కడినుంచే పోవాలి. అందుచేత చిన్న విమానాలు ఢీకొన్న సంఘటనలు ఎక్కువగా విమానాశ్రయాల దగ్గరలోనే, అదీ మంచి ఎండ కాసే పగటి వేళే జరిగాయి. వాన పడుతుంటే నేర్చుకునేవారు ఎగరరు. వాతావరణం బాగున్ననాడే అందరూ బయలుదేరతారు.

మన ప్రాంతంలో ఈ వాకిళ్ళు చాలా దగ్గర దగ్గరగా ఉన్నవి. దుండిగల్ ఉన్నది. దానికి తూర్పుగా, పట్టుమని 20 కిలోమీటర్లయినా లేని దూరంలో హకీంపేట ఉన్నది. అదీ వైమానిక దళానిదే. దక్షిణంగా బేగంపేట ఉన్నది. 2008 మార్చిలో మామూలు ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాదుకు మారిపోయాయి కాని, బేగంపేట రన్‌వే ఇంకా పనిచేస్తూనే ఉన్నది. ఇటు సంగారెడ్డికి వాయవ్యంగా పోతే బీదరులో మరొక వైమానిక స్థావరం వస్తుంది. వీటన్నిటికీ పైగా దూరదేశాల విమానాలు పోతూ ఉంటాయి. మన నెత్తిమీద ఇంత సందడి ఉన్నది!

మొదటి దెబ్బలు

విమానాలు పుట్టిన కొద్దికాలానికే ఈ బెడద మొదలయింది. 1910 అక్టోబరు 3న ఇటలీలోని మిలాన్ నగరంలో విమానాల పందాలు జరుగుతున్నాయి. రెనే తోమా అనే ఫ్రెంచివాడి విమానం పైనుంచి వచ్చి, బెర్‌ట్రమ్ డిక్సన్ అనే బ్రిటిషువాడి విమానాన్ని గుద్దింది. డిక్సన్‌కు గట్టి దెబ్బలు తగిలాయి గాని, అదృష్టం బాగుండి ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. విమానంతో విమానం గాలిలో ఢీకొన్న సంఘటనల్లో ఇదే మొదటిదని చెబుతారు.

తరువాతి కథ ఇంకా విచారకరమైనది. 1922 ఏప్రిల్ 7న ఒక విమానం పారిస్‌నుంచి లండనుకు ప్రయాణికులతో బయలుదేరింది. మరొకటి లండనునుంచి పారిస్‌కు టపా తీసుకుని బయలుదేరింది. ఆ రోజుల్లో పైలట్లు కిందనున్న రోడ్లూ, రైలుపట్టాలూ చూసుకుంటూ దారి తెలుసుకునేవారు. ఆనాడు మంచు కమ్మి ఉన్నది. రోడ్డు కనిపించాలని ఇద్దరూ బాగా కిందికి దిగారు. ఇద్దరూ ఒకే రోడ్డును పట్టుకున్నారు, ఒకరు ఇటునుంచి, ఒకరు అటునుంచి. ఒకరినొకరు చూసుకునేసరికి వేళ మించిపోయింది. రెండు విమానాల్లోనూ ఉన్న ఏడుగురూ చనిపోయారు.

చూశారా? అంత ఆకాశం ఉండగా ఇద్దరూ ఒక్క సన్నని దారిమీదికి వచ్చారు. ఆ దుర్ఘటన తరువాతే విమాన కంపెనీలవారు కూర్చుని మాట్లాడుకుని, ఆకాశంలో కూడా దారులు ఏర్పరచాలనీ, ఎదురుపడేవారు ఎవరి కుడివైపున వారు పోవాలనీ నిర్ణయించుకున్నారు.

ఆకాశంలో రోడ్డు నియమాలు

అవును, కుడివైపే! మన దేశంలో నేలమీద అందరూ ఎడమపక్కన నడుపుతారు. అదే మనిషి విమానం ఎక్కితే కుడికి తప్పుకోవాలి. ఇది ప్రపంచమంతటా ఒకటే నియమం. ఎదురెదురుగా వచ్చే రెండు విమానాలు, రెండూ కుడికి తిరగాలి. ముందుపోయే విమానాన్ని దాటాలంటే దాని కుడిపక్కనుంచి దాటాలి.

రెండు విమానాలు అడ్డంగా కలుసుకునేటట్టు వస్తుంటే ఎవరు ఆగాలి? ఆగటం వీలుకాదు కనక, ఎవరు తప్పుకోవాలి? మీ కుడిచేతివైపు ఎవరు ఉన్నారో వారికి దారి ఇవ్వాలి. ఇందులో ఒక చమత్కారం ఉన్నది. విమానానికి ఎడమ రెక్క కొసన ఎర్రదీపం, కుడి రెక్క కొసన పచ్చదీపం, తోక దగ్గర తెల్లదీపం ఉంటాయి. రాత్రివేళ మీ కుడివైపునుంచి ఒక విమానం మీకు అడ్డంగా వస్తున్నదనుకోండి. దాని ఎడమపక్క మీకు కనిపిస్తుంది, అంటే ఎర్రదీపం! ‘నువ్వే తప్పుకో’ అని అది చెప్పినట్టే. ఎడమవైపునుంచి వచ్చేదాని పచ్చదీపం కనిపిస్తుంది. ‘నీకు దారి ఉన్నది’ అని దాని అర్థం. ఎరుపూ, పచ్చా రెండూ ఒక్కసారే కనిపిస్తే? అది తిన్నగా మీమీదికే వస్తున్నదన్నమాట! ఈ దీపాల పద్ధతి ఓడలనుంచి వచ్చింది.

ఇంజను ఉన్న విమానం ఇంజను లేని గ్లైడరుకూ, గాలిబుడగకూ దారి ఇవ్వాలి. తప్పుకునే శక్తి ఉన్నవాడు లేనివాడికి దారి ఇవ్వటం న్యాయమే కదా! దిగుతున్న విమానానికి అందరూ దారి ఇవ్వాలి. రెండూ దిగుతుంటే కిందనున్నదానికి ముందు అవకాశం. అయితే ‘నేను కిందున్నాను’ అని ఇంకొకరి ముందు అడ్డంగా దూరటం మాత్రం తప్పు.

దూరప్రయాణాలకు మరొక ఏర్పాటు ఉన్నది. తూర్పుగా పోయేవారు బేసి వేల అడుగుల ఎత్తున, పడమరగా పోయేవారు సరి వేల అడుగుల ఎత్తున పోవాలి. శంషాబాదునుంచి తూర్పుకు పోయే పెద్ద విమానం 33,000 లేదా 35,000 అడుగుల మెట్టుమీద ఉంటే, ముంబయి వైపు పోయేది 34,000 లేదా 36,000 అడుగుల మెట్టుమీద ఉంటుంది. మధ్య 1,000 అడుగులు, అంటే సుమారు 300 మీటర్ల ఎడం. మేడమీద ఒకరూ, కింద ఒకరూ నడిచినట్టు, ఒకరికొకరు అడ్డు రారు.

ప్రదక్షిణం

మరి అందరూ దిగవలసిన చోట మెట్లు ఎట్లా కుదురుతాయి? అక్కడ వరస కావాలి. చిన్న విమానాలు దిగే చోట పైలట్లు రన్‌వే పక్కగా, మామూలుగా నేలకు 1,000 అడుగుల ఎత్తున, ఒక దీర్ఘచతురస్రం ఉన్నట్టు ఊహించుకుని దాని అంచులవెంట తిరుగుతారు. దీన్ని సర్క్యూట్ అంటారు. గుడి చుట్టూ మనం కుడివైపుగా ప్రదక్షిణం చేస్తాం. విమానాలు మామూలుగా ఎడమకు తిరుగుతూ చేస్తాయి. పక్కపక్కన కూర్చునే విమానంలో ముఖ్య పైలటు ఎడమపక్కన కూర్చుంటాడు. ఎడమకు తిరిగితే రన్‌వే అతని కళ్ళముందే ఉంటుంది.

విమానం మామూలుగా గాలికి ఎదురుగా ఎగురుతుంది, ఎదురుగానే దిగుతుంది. బేగంపేట రన్‌వే తూర్పు పడమరలుగా ఉన్నది. దాని ఒక కొసన 09 అనీ, రెండో కొసన 27 అనీ పెద్ద అంకెలు రాసి ఉంటాయి. అంటే దిక్సూచిలో 90 డిగ్రీలు, తూర్పు. 270 డిగ్రీలు, పడమర. చివరి సున్న వదిలేశారు. వానకాలంలో మనకు పడమటి గాలి కనక, ఆ కాలంలో విమానం మామూలుగా పడమటికి ముఖం పెట్టి దిగుతుంది.

ఎగిరిన విమానం ఎడమకు తిరిగి, మళ్ళీ ఎడమకు తిరిగి, రన్‌వేకు సమాంతరంగా గాలితోబాటు వెనక్కు పోతుంది. ఈ అంచుకు ‘డౌన్‌విండ్’ అని పేరు. మళ్ళీ ఎడమకు తిరిగితే ‘బేస్’. ఆఖరి మలుపు తిరిగి రన్‌వేకు ఎదురుగా వస్తే ‘ఫైనల్’. ప్రతి అంచుమీదా పైలటు రేడియోలో తన పేరూ, తానెక్కడున్నదీ చెబుతాడు. కంట్రోలు టవరులో ఉన్నవారు విని, “నీ ముందు ఒకరున్నారు, నువ్వు రెండోవాడివి” అని వరస చెబుతారు. మిగిలిన పైలట్లు కూడా ఆ మాటలు వింటూ, ఎవరు ఎక్కడున్నారో మనసులో పటం గీసుకుంటారు. కనక రేడియోలో చెప్పటం ఎంత అవసరమో, వినటం కూడా అంత అవసరం.

కన్ను చేసే మోసం

ఇన్ని నియమాలున్నా, చివరికి పైలటును కాపాడేది అతని కళ్ళే. చిన్న విమానాల పైలట్లకు మొట్టమొదట నేర్పే పాఠం ‘చూడు, తప్పుకో’ అనేది. వినటానికి ఇది తేలికే. చెయ్యటం ఎంత కష్టమో ఒక లెక్క వేసి చూద్దాం.

రెండు చిన్న విమానాలు గంటకు 200 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వస్తున్నాయనుకోండి. వాటి మధ్య దూరం గంటకు 400 కిలోమీటర్ల చొప్పున తరుగుతుంది. అంటే సెకనుకు సుమారు 111 మీటర్లు. ఇప్పుడు పైలటు పని చూడండి. ఏదో కనిపించింది. అది విమానమని గుర్తించటానికి ఒక సెకను. అది మనమీదికే వస్తున్నదని తెలుసుకోవటానికి ఐదు సెకన్లు. ఎటు తిరగాలో నిశ్చయించుకోవటానికి నాలుగు సెకన్లు. చెయ్యి కదలటానికి అర సెకను. చెయ్యి కదిలాక విమానం తిరగటానికి ఇంకా రెండు సెకన్లు. మొత్తం పన్నెండున్నర సెకన్లు కావాలని నిపుణులు లెక్క కట్టారు. అంతసేపట్లో మన రెండు విమానాలూ కలిసి దాదాపు 1,400 మీటర్లు మింగేస్తాయి!

1,400 మీటర్ల దూరాన, పది మీటర్ల రెక్కలున్న విమానం ఎంత కనిపిస్తుందో తెలుసా? రెక్క కొసనుంచి కొసదాకా కలిపి పున్నమి చంద్రుడి వెడల్పుకన్న తక్కువ! రెక్కలు సన్నని గీత. ఒడలు ఒక చిన్న చుక్క. అద్దంమీద వాలిన ఈగ అంతకన్న పెద్దగా ఉంటుంది. ఆ చుక్కను అప్పుడే చూసి తప్పుకోవాలి. ఆ తరువాత అది ఒక్కసారిగా పువ్వు విచ్చుకున్నట్టు పెద్దదై అద్దమంతా కమ్మేస్తుంది.

కంటికి మరొక బలహీనత ఉన్నది. చూడటానికి ఏమీ లేని వట్టి నీలాకాశంలోకి చూస్తుంటే, కన్ను దూరానికి సరిపెట్టుకోవటం మానేసి, కొద్ది మీటర్ల అవతలే చూపు నిలిపేస్తుంది. అందుకని పైలటు ముందుగా దూరపు కొండనో, మబ్బు అంచునో చూసి కంటిని సరిచేసుకుంటాడు. తరువాత ఆకాశాన్ని చిన్న చిన్న ముక్కలుగా విభజించుకుని, ఒక్కొక్క ముక్కమీద కనీసం ఒక సెకను చూపు నిలుపుతాడు. చూపును గబగబా తిప్పేస్తే ఏమీ కనిపించదు. రైతు మళ్ళో కలుపు వెతికినట్టు, ఒక పట్టీ తరువాత ఒక పట్టీ చూసుకుంటూ పోవాలి.

ఒక ఆట ఆడి చూడండి

ఇక అన్నిటికన్న చిత్రమైన సంగతి చెబుతాను. దానికోసం బడి మైదానంలో ఒక ఆట ఆడాలి.

నేలమీద సున్నంతో రెండు గీతలు గీయండి. అవి ఒక మూల దగ్గర, చదరపు బల్ల మూలలాగా కలుసుకోవాలి. మూలనుంచి ఒక్కొక్క గీతమీద ఇరవై అడుగులు కొలిచి, అక్కడ ఒకరు, ఇక్కడ ఒకరు నిలబడండి. ఇద్దరూ చెయ్యి చాపి ఒకరినొకరు వేలితో చూపించుకోండి. ఇప్పుడు ఇద్దరూ ఒకే వేగంతో మూలవైపు నెమ్మదిగా నడవండి. పరుగెత్తకండి సుమా! నడుస్తున్నంతసేపూ వేలు స్నేహితుడివైపే ఉండాలి.

ఏమయింది? మీ చెయ్యి కొంచెమయినా పక్కకు తిప్పవలసిన పని లేదు! మొదట ఎటు చాపారో చివరిదాకా అటే ఉన్నది. స్నేహితుడు ఉన్నచోటే ఉండి పెద్దవాడవుతూ వచ్చాడు. చివరికి ఇద్దరూ మూల దగ్గర తగులుకున్నారు.

మళ్ళీ ఆడండి. ఈసారి ఒకరు నెమ్మదిగా, ఒకరు వడిగా నడవండి. ఇప్పుడు మీ చెయ్యి పక్కకు తిరుగుతూ పోతుంది. ఇద్దరూ మూల దగ్గర కలుసుకోరు. ఒకరు ముందే దాటిపోతారు.

విమానంలోనూ ఇంతే. అద్దంలో అటో ఇటో కదిలిపోయే విమానం మిమ్మల్ని తాకకుండా దాటిపోతుంది. అద్దంలో ఒకేచోట నిలబడి, కదలకుండా, మెల్లగా పెద్దదయ్యే చుక్క ఉన్నదే, అది మిమ్మల్ని గుద్దబోయేది! కాని మన కన్ను కదిలేదాన్ని చప్పున పట్టుకుంటుంది, కదలనిదాన్ని వదిలేస్తుంది. ప్రమాదం లేని విమానం బాగా కనిపిస్తుంది, ప్రమాదం తెచ్చే విమానం దాక్కుంటుంది. ఎంత విడ్డూరం!

పైగా ఆ చుక్క అద్దాల మధ్యనున్న కడ్డీ వెనక పడిందంటే అసలు కనిపించనే కనిపించదు, కదలదు కనక చివరిదాకా ఆ కడ్డీ వెనకే ఉంటుంది. అందుకే పైలటు తలను అటూ ఇటూ జరిపి చూస్తూ ఉంటాడు. రెక్కలు కిందివైపు ఉన్న విమానంలో కూర్చుంటే తన కిందనున్నది కనిపించదు. రెక్కలు పైన ఉన్నదానిలో కూర్చుంటే పైనున్నది కనిపించదు. మొదటిది పైనా, రెండోది కిందా ఒకే రన్‌వేకు దిగుతుంటే? ఇద్దరికీ ఆకాశం ఖాళీగానే కనిపిస్తుంది!

గొడుగు విప్పిన విమానం

2021 మే 12న అమెరికాలోని డెన్వర్ నగరం దగ్గర ఒక విమానాశ్రయంలో రెండు విమానాలు దిగబోతున్నాయి. అక్కడ పక్కపక్కన రెండు రన్‌వేలున్నవి. ఒకటి ఇద్దరు ఎక్కిన చిన్న సిర్రస్ విమానం. రెండోది సామాన్లు మోసే రెండు ఇంజన్ల మెట్రోలైనరు, అందులో పైలటు ఒక్కడే. చిన్న విమానం ఆఖరి మలుపులో తన రన్‌వే గీతను దాటి ముందుకు పోయి, పక్కదాని దారిలోకి వచ్చి, దాన్ని గుద్దింది.

చిన్న విమానంలో మొత్తం విమానాన్నే మోసే పారాచూట్ ఉన్నది. పైలటు దాన్ని లాగేసరికి గొడుగు విప్పుకుని, విమానం మెల్లగా నేలకు దిగింది. సామాన్ల విమానం వెనకభాగం పైకప్పు చీలిపోయి, లోపలినుంచి ఆకాశం కనిపిస్తున్నది. దాని పైలటుకు అంత దెబ్బ తగిలిందని తెలియనే తెలియదు. ఇంజను ఏదో చెడిపోయిందనుకుని, జాగ్రత్తగా రన్‌వేమీద దించాడు. ముగ్గురికీ చిన్న గాయమైనా కాలేదు!

అందరికీ ఇటువంటి అదృష్టం ఉండదు. 2025 జూలై 8న కెనడాలోని స్టైన్‌బాక్ దగ్గర దిగటం, ఎగరటం అభ్యాసం చేస్తున్న రెండు చిన్న శిక్షణ విమానాలు రన్‌వే దగ్గరలో ఢీకొన్నాయి. ఒక్కొక్కదానిలో ఒక్కొక్క విద్యార్థి ఉన్నారు. ఇద్దరూ చనిపోయారు. అందులో ఒకరు మన కేరళ యువకుడు. మన తెలుగు పిల్లలు కూడా ఎందరో ఇటువంటి చదువుకు దూరదేశాలు పోతున్నారు. వారి అమ్మానాన్నలకు ఈ వార్త ఎట్లా ఉండి ఉంటుందో ఆలోచించండి.

మాట్లాడుకునే యంత్రాలు

మన దేశం నేర్చుకున్న పెద్ద పాఠం ఒకటున్నది. 1996 నవంబరు 12న ఢిల్లీ దగ్గర చర్ఖీ దాద్రీ అనే ఊరిమీద సౌదీ విమానమూ, కజకిస్తాన్ విమానమూ ఢీకొని 349 మంది చనిపోయారు. ఒకటి పైకి పోతున్నది, 14,000 అడుగుల దగ్గర ఆగాలి. రెండోది కిందికి వస్తున్నది, 15,000 అడుగుల దగ్గర ఆగాలి. రెండోది ఆగవలసిన మెట్టు దాటి కిందికి వచ్చేసింది. అంతే.

ఆ తరువాత మన ప్రభుత్వం పెద్ద ప్రయాణికుల విమానాలన్నిటిలోనూ ఒక యంత్రం ఉండి తీరాలని శాసించింది. అది చుట్టూ ఉన్న విమానాలను రేడియో ద్వారా “నువ్వెక్కడ? ఎంత ఎత్తున?” అని అడుగుతూ ఉంటుంది. ప్రమాదం ముంచుకొస్తే రెండు విమానాల్లోని యంత్రాలూ తమలో తాము కూడబలుక్కుని, ఒకదానిలో “పైకి పో” అనీ, రెండోదానిలో “కిందికి పో” అనీ అరుస్తాయి.

ఆ మాట వినకపోతే ఏమవుతుందో 2002 జూలై 1 రాత్రి జర్మనీలోని యూబర్‌లింగెన్‌మీద తెలిసింది. ఒక విమానంలో యంత్రం “పైకి” అన్నది, నేలమీది కంట్రోలరు “కిందికి” అన్నాడు. పైలటు కంట్రోలరు మాట విన్నాడు. రెండో విమానం తన యంత్రం చెప్పినట్టు కిందికే వస్తున్నది. 71 మంది చనిపోయారు. అప్పటినుంచి ఇటువంటి సమయంలో యంత్రం మాటే వినాలని అంతటా నియమం గట్టిపడింది.

అయితే చాలా చిన్న విమానాల్లో ఈ యంత్రం ఉండదు. తానెక్కడున్నదీ ఉపగ్రహాల సాయంతో తెలుసుకుని, ఆ సంగతి సెకనుకొకసారి చుట్టూ చాటే చవక పరికరాలు ఇప్పుడు వచ్చాయి. అవి పైలటుకు ఎటు చూడాలో చెబుతాయి. చూడవలసింది మాత్రం అతనే.

మన వంతు

“ఇదంతా పైలట్ల పని, మాకేమిటి?” అంటారా? ఇప్పుడు ఆకాశంలోకి మనమూ వచ్చాం. పెళ్ళిళ్ళలో ఫోటోలు తీసే డ్రోన్లు, పొలాల్లో మందు చల్లే డ్రోన్లు ఎక్కడ పడితే అక్కడ ఎగురుతున్నాయి. మన సంగారెడ్డి పక్కనే కందిలో ఉన్న ఐఐటీలో, డ్రైవరు లేని బండ్లనూ, పైలటు లేని డ్రోన్లనూ పరీక్షించే కేంద్రం ఒకటి 2022 జూలైలో ప్రారంభమయింది. కళ్ళు లేని డ్రోనుకు ‘చూడు, తప్పుకో’ అనే పాఠం ఎట్లా నేర్పాలన్నది ఈనాటి శాస్త్రజ్ఞుల ముందున్న పెద్ద ప్రశ్నల్లో ఒకటి. మీలో ఎవరైనా పెద్దయ్యాక దానికి జవాబు కనిపెట్టవచ్చు.

అందాకా నియమమే మనకు రక్ష. 2021లో వచ్చిన డ్రోన్ల నియమాల ప్రకారం, విమానాశ్రయం ప్రహరీనుంచి 8 కిలోమీటర్ల లోపల అనుమతి లేకుండా డ్రోను ఎగరవేయరాదు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులు దాటితే అనుమతి కావాలి. అంతకు బయట కూడా 400 అడుగులు దాటితే అనుమతి కావాలి. ఎక్కడ ఎగరవచ్చో, ఎక్కడ ఎగరకూడదో ఎరుపు, పసుపు, పచ్చ రంగుల్లో ప్రభుత్వం దేశపటమే తయారుచేసి పెట్టింది. డ్రోను కొనిపెట్టే నాన్నగారు ముందు ఆ పటం చూడటం మంచిది. సర్క్యూట్‌లో 1,000 అడుగుల ఎత్తున తిరిగే విమానం దిగటానికి మలుపు తిరిగేసరికి 500 అడుగులకు వచ్చేస్తుందని గుర్తుంచుకోండి.

మరొక మాట. కదలని చుక్క ఆకాశంలోనే ఉండదు. మీరు సైకిలుమీద అడ్డరోడ్డునుంచి బొంబాయి రోడ్డు దగ్గరికి వస్తుంటారు. పక్కనుంచి ఒక లారీ వస్తుంటుంది. అది మీ కంటికి అటూ ఇటూ జరగకుండా ఒకేచోట ఉండి పెద్దదవుతున్నదా? అయితే మీరిద్దరూ ఒకే సమయానికి ఆ మూల చేరబోతున్నారు. విమానానికి లేని అదృష్టం మీకున్నది. మీరు ఆగవచ్చు. వెంటనే ఆగిపోండి.

రేపు పొద్దున దుండిగల్ విమానం మీ ఊరిమీదుగా పోతే తల ఎత్తి చూడండి. అందులో కొత్తగా నేర్చుకుంటున్న ఒక అక్కయ్యో, అన్నయ్యో కూర్చుని, కొండ అంచునుంచి మబ్బు అంచుదాకా, ఒక ముక్క తరువాత ఒక ముక్క, ఆకాశాన్ని ఓపికగా వెతుకుతూ ఉంటారు. వారు వెతికేది కదలని ఆ చుక్క కోసమే.